గీత మీద మిగిలింది ముగ్గురమే

ఆ ఏడు మిరప కోతలప్పుడు మా అమ్మ నా గొంతు గుర్తుపట్టలేదు.

జనవరి రెండో వారం. పెదకాకానిలో నేనుండే అకాడమీ నుంచి రెండు నెలల తర్వాత ఇంటికొచ్చాను. తలుపుకి తాళం ఉంది. బ్యాగు గడప ముందు పడేసి చేలోకి నడిచాను. మార్టూరుకి ఐదు కిలోమీటర్ల దూరం మా ఊరు. రోడ్డుకి అటుపక్క రాళ్ళ పాలిషింగ్ యూనిట్లు, ఇటుపక్క మిరప చేలు. మా నాన్న ప్రేమదాసు అటు పనికి పోయేవాడు, అమ్మ కొండమ్మ ఇటు. చేలో పాతికమంది ఆడవాళ్ళు చీరల మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కుని, మొహాలకి గుడ్డలు చుట్టుకుని సాళ్ళలో వంగి ఉన్నారు. వాళ్ళలో అమ్మ ఎవరో గట్టు మీద నుంచి తెలియలేదు.

"అమ్మా" అని కేకేశాను.

పాతిక తలలూ లేచాయి. అమ్మ కూడా లేచి చూసింది. ఎండ కళ్ళలో పడిందేమో, మళ్ళీ వంగి పక్క సాలులో ఆవిడతో, "ఎవరి పిల్లోడో చూడవే, పిలుస్తున్నాడు" అంది.

ఆ మాట నాకు వినపడింది. మళ్ళీ పిలవడానికి నోరు రాలేదు. చేలోకి దిగి, సాలు వెంట నడిచి, ఆమె ముందు నిలబడ్డాను. అమ్మ మొహానికున్న గుడ్డ కిందికి లాగి నన్ను చూసింది.

"నీ గొంతేమయిందే?"

"జలుబు."

"ఎన్నాళ్ళనుంచి?"

నేను అమ్మ ఒడిలోని కాయలు తీసుకుని గోనెలో పోసి వచ్చాను.

సాయంత్రం నీళ్ళు కాగబెట్టి తలంటుకోమంది. రోజంతా కాయలు కోసిన చేతులు కదా, తాకితే నాకు మంటెత్తుతుందని నన్ను ముట్టుకోకుండా చెంబుతో నీళ్ళు మాత్రం పోస్తోంది. వీపు మీద పోస్తూ ఆగింది.

"ఈ పొక్కులేంటే ఇన్ని?"

"చెమటకి."

"గడ్డం కింద ఆ నూగేంటి?"

మరో చెంబు పోసింది. తర్వాత చాలా మెల్లగా అడిగింది. "నెలసరి ఎప్పుడొచ్చింది?"

"అక్టోబర్లో."

చెంబు బకెట్లో పడిన చప్పుడైంది. "వాడెవడు?"

అడుగుతున్నదేమిటో నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక నవ్వొచ్చింది. ఆ మోటు గొంతుతో నేను నవ్వితే అమ్మ ఇంకా భయపడిపోయింది.

"ఎవడూ లేడమ్మా. సూదులు."

అప్పుడు చెప్పాను. అనిల్ కుమార్ సార్ ఒకప్పుడు మంచి రన్నరే. పెదకాకానిలో డాబా మీద రెండు గదులు అద్దెకు తీసుకుని మాలాంటి ఆరుగురు ఆడపిల్లల్ని ఉంచి పరుగు నేర్పించేవాడు. తిండి మంచిది పెట్టేవాడు, ఫీజు అడిగేవాడు కాదు. సెప్టెంబర్ నుంచి ప్రతి శుక్రవారం ఒక్కొక్కరినీ లోపలి గదిలోకి పిలిచి తుంటికి సూది వేసేవాడు. బలానికి అనేవాడు. ఎనిమిది వందల మీటర్లు రెండు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లలో పరుగెత్తేదాన్ని నవంబరుకల్లా పదమూడుకి వచ్చాను. ఒంగోలు పోటీల్లో బంగారు పతకం తెచ్చాను. నాన్న దాన్ని చర్చికి పట్టుకెళ్ళి సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాడు.

ఏం వేస్తున్నాడో నాకు తెలియదని చెబితే అబద్ధం. మొదటి నెల తెలియదు. రెండో నెలలో తెలిసింది. బలం సూదికి గొంతు మారదని పదహారేళ్ళ పిల్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా శుక్రవారం పిలిస్తే వెళ్ళేదాన్ని. ఎందుకంటే ఆ ఒళ్ళు నాకు నచ్చింది. చివరి రెండు వందల మీటర్లలో మిగతా వాళ్ళంతా ఊపిరి కోసం నోళ్ళు తెరుస్తుంటే నా కాళ్ళు ఇంకా కావాలనేవి. అమ్మకి ఇదీ చెప్పాను. ఆమె కొట్టలేదు. నా బ్యాగులో చేతిరుమాలులో చుట్టి ఉన్న ఖాళీ మందు సీసా ఇస్తే తీసుకుంది.

మర్నాడు అమ్మ పని మానేసింది. కోతల రోజుల్లో ఆమె పని మానడం అంతకుముందు నేను చూడలేదు. సీసా కొంగున కట్టుకుని నన్ను రాజ్యం టీచర్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ మా హైస్కూల్లో ఆటల టీచరు. ఏడో తరగతిలో వెళ్ళిపోతున్న బస్సు వెనక పడి పరుగెత్తి ఎక్కిన నన్ను చూసి, మర్నాడే గ్రౌండుకి రమ్మన్న మనిషి. నా మొదటి స్పైకు బూట్లు ఆవిడ కొనిచ్చినవే.

టీచర్ కళ్ళజోడు పెట్టుకుని సీసా మీది అక్షరాలు చదివింది. ఫోన్లో వెతికింది. మళ్ళీ సీసా చూసింది.

"కొండమ్మా, ఇది ఎముకలు గుల్లబారిన వాళ్ళకీ, లేవలేక మంచాన పడ్డ వాళ్ళకీ డాక్టర్లు రాసే మందు. మగ హార్మోను జాతి. ఎదిగే ఆడపిల్లకి ఎవరూ రాయరు."

"ఆపేస్తే పోద్దా?"

"పొక్కులు పోతాయి. నెలసరి మళ్ళీ రావాలి, డాక్టరమ్మకి చూపిద్దాం. గొంతు మాత్రం..."

"ఇట్లాగే ఉండిపోద్దా?"

టీచర్ తలూపింది. అమ్మ నా వైపు చూడలేదు. ఆవిడ ఇంటి ముందు బంతి మొక్కల వైపు చూస్తూ నిలబడింది.

"ఇంకో సంగతి, హెలెన్" అంది టీచర్ నాతో. "ఒంట్లోంచి ఇది పోవడానికి నెలలు పడుతుంది. పోటీల్లో ఎవరైనా పరీక్ష చేస్తే దొరికిపోతావు. రాష్ట్ర పోటీలకి వెళ్ళకు."

ఆ పోటీలకి ఇంక పద్దెనిమిది రోజులే ఉన్నాయి.

నాన్న పొద్దు వాలాక వచ్చాడు. రాతి పొడి నీళ్ళలో కలిసి ఎండిపోయి ఆయన ప్యాంటు మోకాళ్ళదాకా తెల్లగా గట్టిపడి ఉంది. అమ్మ సీసా తీసి ఆయన ముందు నేల మీద పెట్టింది. "ఇదేంటో తెలుసా?"

నాన్న ఏం కేకలేస్తాడో, ఆ సార్ మీదికి ఎట్లా లేస్తాడో అని నేను చూస్తున్నాను. ఆయన ఆ సీసాని చూశాడు. తర్వాత కూర్చుని, ప్యాంటు మీద ఎండిన పొడిని గోటితో గీకడం మొదలుపెట్టాడు.

"ఆగస్టులో ఫోన్ చేశాడు" అన్నాడు. "పైకి పోవాలంటే అందరూ తీసుకునేదే, మీ పిల్లకీ ఇస్తానన్నాడు. ప్రమాదం లేదన్నాడు. సరే అన్నా."

"నాతో ఒక్క మాట అనలేదేం?"

"అంటే వద్దంటావని."

నాన్న నా వైపు తిరగకుండానే నాకు చెబుతున్నట్టు అన్నాడు. "నువ్వు చేలోకి పోకూడదనుకున్నానమ్మా. ఆటల కోటాలో ఉద్యోగమొస్తే పోలీసు బట్టల్లో చూద్దామనుకున్నా."

ఆ రోజు నుంచి చాలా వారాలు అమ్మ నాన్నతో మాట్లాడలేదు. అన్నం వడ్డించేది, బట్టలు ఉతికేది. ఏదైనా చెప్పాల్సి వస్తే పక్కనే ఆయన కూర్చుని ఉన్నా నాకు చెప్పేది. నేను నాన్నకి చెప్పేదాన్ని. నాన్న జవాబు నేను అమ్మకి చెప్పేదాన్ని. రెండు అడుగుల దూరంలో ఉన్న ఇద్దరి మధ్య ఆ మాటలు మోయడం నాకు పరుగు కంటే కష్టంగా ఉండేది.

నేను అకాడమీకి తిరిగి వెళ్ళకపోయేసరికి నాలుగో రోజున సార్ మోటార్ సైకిల్ వేసుకుని వచ్చాడు. అప్పుడు అమ్మా నేనూ ఆసామి కల్లంలో ఉన్నాం. టార్పాలిన్ల మీద ఎరుపు కళ్ళు చెదిరేట్టు ఎండుతోంది. ఆడవాళ్ళు వరసగా కూర్చుని తెల్లబారిన తాలు కాయలు ఏరుతున్నారు.

"రాష్ట్ర పోటీలు ముందర పెట్టుకుని పిల్లని ఇంట్లో కూచోబెడితే ఎట్లాగమ్మా?" అన్నాడు సార్ నిలబడే.

అమ్మ ఏరుతూనే ఉంది. "సారూ, మీకు ఆడపిల్లలున్నారా?"

"ఉందమ్మా, ఒక పాప."

"ఆ పాపక్కూడా ఏస్తున్నారా ఈ సూదులు?"

పక్కన కూర్చున్న వాళ్ళ చేతులు ఆగిపోయాయి. సార్ నా వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "అమ్మా, మీకు ఈ లోకం తెలియదు. పైన గెలిచేవాళ్ళంతా చేసేదే ఇది. చేలో మందు కొట్టకుండా కాయ వస్తుందా? ఇదీ అంతే."

అమ్మ తలెత్తింది. "చేలో కొట్టే మందు డబ్బా మీద రాసుంటదండీ, కొట్టాక ఎన్ని రోజులు ఆ చేలోకి పోకూడదో. నాకు చదువు రాకపోయినా అడిగి తెలుసుకుంటా. మీరు నా పిల్లకి ఏం చదివి చెప్పారు?"

సార్‌కి కోపం వచ్చింది. "సరే. సూది లేకుండా మీ అమ్మాయి రెండు నిమిషాల ఇరవైలో కూడా రాదు. రాసిస్తాను. మళ్ళీ ఈ కల్లంలోకే వస్తుంది."

"వస్తే నా పక్కన కూచుంటది" అంది అమ్మ, కాస్త పక్కకి జరుగుతూ. "చోటుంది."

ఆయన వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టారు. నేను మాత్రం ఆ ఇరవై దగ్గరే ఆగిపోయాను. ఇరవైలో కూడా రాదట.

మర్నాడు తెల్లవారగానే సాగర్ కాలవ కట్ట మీదికి వెళ్ళాను. సూది ఆగిన ఒళ్ళు రోజు రోజుకీ బరువెక్కుతోంది. ఆరు వందల మీటర్ల దగ్గర కాళ్ళు వేరేవాళ్ళవి అయిపోతున్నాయి. రాజ్యం టీచర్ సైకిల్ మీద వచ్చి కట్ట మీద నిలబడి చూసింది. పోటీకి వద్దని మళ్ళీ చెప్పింది. పరుగు కొలుచుకునే గడియారం మాత్రం ఇచ్చి వెళ్ళింది.

ఆ వారంలోనే మౌలాబీ ఫోన్ చేసింది. అకాడమీలో నా పక్క మంచం. నాకంటే ఏడాది చిన్న, నాలుగు వందల మీటర్లు పరుగెత్తేది. వాళ్ళ నాన్న మాబు ఇంకొల్లులో టైలరు.

"అక్కా, నువ్వు జలుబని చెప్పావే, నాక్కూడా పట్టుకుందక్కా" అంది. ఆ గొంతు అచ్చం నా గొంతులాగే ఉంది.

"అది జలుబు కాదే. మీ నాన్నకి చెప్పు."

"భయమేస్తంది."

"నేను పోటీలకి వస్తా. అక్కడ మాట్లాడదాం."

వస్తానని నోటితో అనేదాకా నేను నిర్ణయించుకున్నట్టు నాకే తెలియదు. అమ్మకి చెబితే, "దొరికిపోతావంది కదే టీచరు" అంది.

"దొరికితే ఉన్నది చెబుతా."

ఇప్పుడు చెప్పుకుంటే ధైర్యంగా ఉంది కానీ, రాష్ట్ర పోటీలకి పరీక్ష చేసేవాళ్ళు ఎవరూ రారని అకాడమీలో అందరం నమ్మేవాళ్ళం. నేనూ నమ్మాను. ఇరవై లోపల పరుగెత్తి ఆయన మాట ఆయన మొహాన కొట్టాలి, మౌలాబీని వెంటబెట్టుకుని రావాలి. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

నాన్న వాకిట్లో నిలబడి, "నేను తోడు పోతా" అన్నాడు, ఎవరితోనో.

"పొమ్మను" అంది అమ్మ నాతో.

మొదటి రోజు హీట్స్‌లో రెండు నిమిషాల పద్దెనిమిది. ఎనిమిది మందిలో ఎనిమిదో పేరుగా ఫైనల్‌కి వెళ్ళాను. బోర్డు మీద ఆ అంకె చూశాక సార్ కోసం వెతికాను. ఆయన మౌలాబీ వాళ్ళని పక్కనుంచి కదలనివ్వకుండా, దూరంగా నిలబడి నా వైపే చూస్తున్నాడు. ఒంట్లో ఇంకా ఆ మందు ఉంది కాబట్టి ఆ పద్దెనిమిది పూర్తిగా నాది కాదని నాకు తెలుసు. అయినా ఆ పూట కడుపునిండా తిన్నాను.

రెండో రోజు పొద్దున పది గంటలకి తెల్ల కారు ఒకటి గ్రౌండులోకి వచ్చింది. నలుగురు దిగారు. చేతుల్లో నీలం పెట్టెలు. ఎవరో, "పరీక్షోళ్ళు వచ్చారంట" అన్నారు. అంతే. అరగంటలో గ్రౌండు సగం ఖాళీ అయింది. నిన్నటిదాకా గెంతుతున్న వాళ్ళు కుంటుతూ గేటు వైపు నడుస్తున్నారు. మరుగుదొడ్ల వెనక గోడ దూకి పోతున్న కుర్రాళ్ళని చూశాను. వంద మీటర్ల ఫైనల్‌కి పేర్లు పిలుస్తూ మైకులో గొంతు పోతోంది, పలికేవాళ్ళు లేరు.

సార్ పరుగున నా దగ్గరికి వచ్చాడు. "కాలు పట్టేసిందని రాసిచ్చి వచ్చెయ్. గేటు బయట ఆటో ఉంది. మౌలాబీ వాళ్ళు ఎక్కేశారు."

గేటు వైపు చూశాను. ఆటోలో చివరన కూర్చున్న మౌలాబీ మెడ చాచి నా వైపే చూస్తోంది.

"నేను పరుగెత్తుతా సార్."

"మతి పోయిందా? మొదటి ముగ్గుర్నీ పరీక్షకి పిలుస్తారు."

"పిలవనివ్వండి."

"ఏళ్ళ తరబడి నిషేధం పడుద్ది. పేపర్లో ఫోటో వేస్తారు. నీతోపాటు మీ నాన్న, నేనూ, అందరం పోతాం."

"తెలుసు సార్."

ఆయన నన్ను వదిలేసి నాన్న దగ్గరికి వెళ్ళాడు. ఇనుప కంచె అవతల ఇద్దరూ మాట్లాడుకోవడం కనిపించింది. మాట్లాడింది సారే. తర్వాత నాన్న కంచె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నిన్ను తీసుకుపొమ్మంటున్నాడు."

"నువ్వేమంటున్నావు నాన్నా?"

నాన్న రెండు చేతులతో కంచె పట్టుకున్నాడు. "నేనొకసారి సరే అన్నా కదమ్మా. ఈసారి నువ్వే చెప్పు."

నేను నా బ్యాగు కంచె మీదుగా ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని గుండెలకి ఆనించుకుని అక్కడే కింద కూర్చున్నాడు. ఆటో వెళ్ళిపోయిన చప్పుడు వినపడింది.

ఎనిమిది వందల మీటర్ల ఫైనల్‌కి ఎనిమిది పేర్లు మూడు సార్లు చదివారు. గీత మీద మిగిలింది ముగ్గురమే. ఒకమ్మాయి కడప, ఒకమ్మాయి శ్రీకాకుళం. శ్రీకాకుళం అమ్మాయిని నేను ఎరుగుదును. నవంబర్లో ఒంగోలులో ఆమెని ఇరవై మీటర్లు వెనక వదిలేసి గెలిచాను. అప్పుడు ఆమె చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, తన కాళ్ళలో ఏం తప్పుందో వెతుక్కుంటున్నట్టు కిందికి చూస్తూ నిలబడింది. ఇప్పుడు పక్క లేన్ నుంచి నన్ను చూసి అడిగింది.

"నీకు కాలు పట్టెయ్యలేదా?"

ఎగతాళిగా అడిగిందో మామూలుగా అడిగిందో తెలియలేదు.

"లేదు" అన్నాను.

ముగ్గురిలో మూడోదాన్నయ్యాను. రెండు నిమిషాల పదిహేడు. శ్రీకాకుళం అమ్మాయి నాకంటే ముప్పై మీటర్లు ముందు ముగించింది. సూదుల రోజుల్లో ఆమె నాకంటే ముందు రావాల్సిన పోటీలు ఎన్నో ఊపిరి అందాక లెక్కపెట్టుకున్నాను. మూడు.

పరీక్ష గదిలో ఒక మేడమ్ కూర్చుని ఉంది. నీళ్ళ సీసా ఇచ్చింది, తాగాను. చెప్పినట్టల్లా చేశాను. చివర్లో ఒక కాగితం తీసింది. చిన్నపిల్లని కాబట్టి పెద్దవాళ్ళు ఒకరు పక్కన ఉండాలంటే నాన్న వచ్చి కూర్చున్నాడు.

"ఈ మధ్య ఏమైనా మందులు వాడావా? జ్వరానికి, దగ్గుకి, ఏదైనా. పేర్లు చెప్పు, రాస్తాను."

మందు పేరు చెప్పాను. సీసా మీద చదివి చదివి నాకు కంఠతా వచ్చింది. మేడమ్ రాయడం ఆపి నన్ను చూసింది.

"ఇది ఏంటో తెలుసా నీకు?"

"తెలుసండి. సెప్టెంబర్ నుంచి జనవరి మొదటి వారం దాకా, ప్రతి శుక్రవారం. మా కోచ్ వేశారు. ఆయన పేరు కూడా రాయండి."

ఆమె పెన్ను కింద పెట్టింది. "అమ్మాయ్, ఇవన్నీ నువ్వు ఇప్పుడే చెప్పి తీరాలని లేదు. మీ వాళ్ళతో మాట్లాడుకో."

నేను నాన్న వైపు చూశాను. ఆయన గొంతు సవరించుకున్నాడు. "నాకు చెప్పే వేశాడండి. నేను సరే అన్నాను. అదీ రాయండి" అన్నాడు.

ఏడు వారాలకి, ఒంట్లో మందు ఉందని రిపోర్టు వచ్చింది. వచ్చిన రెండో రోజే జిల్లా పేపర్లో పడింది. నా పేరు వెయ్యలేదు కానీ, మార్టూరు మండలం అనీ ఎనిమిది వందల మీటర్లనీ వేశాక ఇంక పేరెందుకు. నేను వెళ్తే కుళాయి దగ్గర మాటలు ఆగిపోయేవి. కాలేజీలో ఒకడు వెనకనుంచి, "ఏరా హెలెన్" అని పిలిచాడు. తిరిగి వాడి దగ్గరికి వెళ్ళి, "ఏంట్రా?" అన్నాను, నాకున్న ఆ గొంతుతోనే. వాడికి నవ్వాలో వద్దో తెలియలేదు.

ఆ ఆదివారం చర్చికి వెళ్ళొద్దన్నాను. అమ్మ వినలేదు. ఉతికిన చీర కట్టుకుని, నన్ను ముందు వరసలో కూర్చోబెట్టింది. పాస్టరు గారు సాక్ష్యాలు చెప్పేవాళ్ళుంటే చెప్పమన్నారు. వెనకనుంచి నాన్న లేచాడు.

"నవంబర్లో ఇక్కడే నిలబడి నా కూతురు పతకం చూపించి దేవునికి స్తోత్రం చెప్పాను. అది సగమే. మిగతా సగం ఇప్పుడు చెబుతున్నా. ఆ పిల్లకి ఆ మందు ఎక్కించడానికి ఒప్పుకున్నది నేను. పట్టుబడతానని తెలిసి కూడా పారిపోకుండా నిలబడింది అది. మీలో ఎవరైనా ఏదైనా అనాలంటే నన్నండి. మా ఇల్లు మీకు తెలుసు."

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరు గారు పాట అందుకున్నారు. తిరిగి వస్తున్నప్పుడు నాన్న మాకు పది అడుగుల వెనక నడుస్తున్నాడు. అమ్మ ఆగి, వెనక్కి తిరిగి, "టవలు బెంచీ మీదే మరిచిపోయావు" అంది ఆయనతో. నాతో కాదు.

నాన్న టవలు కోసం వెనక్కి పరుగెత్తాడు.

ఏప్రిల్ చివర్లో, ఆ పరీక్షలు చేసే సంస్థ వాళ్ళ విచారణ. ఢిల్లీ వెళ్ళనక్కర్లేకుండా వీడియోలో పెట్టారు. మా హైస్కూల్ కంప్యూటర్ గదిలో ఏర్పాటు చేసిన రాజ్యం టీచర్, ముందురోజే నాకు చెప్పింది. "తెలియక తీసుకున్నానని చెప్పు హెలెన్. చిన్నపిల్లవి, నిషేధం బాగా తగ్గిస్తారు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు." నా మంచికే చెప్పింది. నేను సరే అనలేదు, వద్దనీ అనలేదు.

తెర మీద ముగ్గురు పెద్దలు. ఇంకో గడిలో వాళ్ళ మాటలు తెలుగులో చెప్పే ఆయన. ఇంకో గడిలో టై కట్టుకుని అనిల్ కుమార్ సార్. మా అమ్మానాన్నలు నా కుర్చీ వెనక నిలబడ్డారు. అమ్మ చేలో నుంచి నేరుగా వచ్చింది. ఆఖరి కోత.

సార్ మొదట మాట్లాడాడు. తను బలం మందులు తప్ప ఏమీ ఇవ్వలేదట. ఆ అమ్మాయి ఏదో మందుల షాపులో సొంతంగా కొనుక్కుందట. తల్లిదండ్రుల ఆశ ఎక్కువట. తనకి కూతురుందట.

పెద్దలలో ఒకావిడ నన్ను అడిగింది. "నువ్వు తీసుకుంటున్నది ఏమిటో నీకు తెలుసా, తెలియదా?"

రాజ్యం టీచర్ నా భుజం మీద చెయ్యి వేసింది.

"మొదటి నెల తెలియదండి. తర్వాత తెలుసు. తెలిసీ వెళ్ళాను. గెలవడం బాగుంది కాబట్టి వెళ్ళాను. దానికి మీరు వేసే శిక్ష వెయ్యండి. కానీ నేను మందుల షాపుకి వెళ్ళలేదు. ఆయన వేశారు. నా ఒక్కదానికే కాదు."

"ఇంకెవరికి?"

నేను మాట్లాడలేదు. నా పేరు చెప్పుకోవడం నా ఇష్టం. మిగతా అయిదుగురి పేర్లు చెప్పడానికి నాకేం హక్కుంది? వాళ్ళకీ ఇళ్ళున్నాయి, కుళాయిలున్నాయి. సార్ మొహంలో చిన్న నవ్వు కనిపించింది. "చూశారా" అన్నాడు.

అప్పుడు తెర మీద కొత్త గడి ఒకటి తెరుచుకుంది. కింద 'మాబు టైలర్స్' అని ఉంది. తెర అంతా ఊగిపోతోంది, ఎవరో ఫోన్‌ని చేత్తో పట్టుకున్నారు. కుట్టు మిషను కనిపించింది, వేలాడుతున్న బ్లౌజులు కనిపించాయి, తర్వాత మౌలాబీ మొహం. పక్కన గడ్డం నెరిసిన మాబు గారు.

"సాక్షులుంటే రావచ్చని అకాడమీ పిల్లల ఇళ్ళన్నిటికీ పంపిన కాగితం వచ్చిందండి మా ఇంటికి" అన్నాడాయన. "లింకు నొక్కడం తెలియక ఆలస్యమయింది. మా అమ్మాయి మాట్లాడుతుంది, వినండి."

మౌలాబీ మాట్లాడింది. నా గొంతుకీ ఆమె గొంతుకీ పెద్ద తేడా లేదు. పెద్దలు ముగ్గురూ తెర దగ్గరికి వంగి విన్నారు. ఆమె శుక్రవారం గురించి, లోపలి గది గురించి, ఆటో గురించి చెప్పింది. చెబుతుండగానే సార్ గడి నల్లబడింది. కెమెరా ఆపేసుకున్నాడు.

నా వెనక అమ్మ నాన్నని అడిగింది. "ఆ పిల్ల తండ్రేనా ఆయన?"

"ఆయనే" అన్నాడు నాన్న.

జూన్లో తీర్పు వచ్చింది. నాకు ఏడాదిన్నర నిషేధం. ఉన్నది చెప్పినందుకు కొంత తగ్గించామని రాశారు. సెప్టెంబర్ నుంచి గెలిచిన పతకాలన్నీ తిరిగి పంపమన్నారు, పంపాను. మౌలాబీకి శిక్ష లేదు, వైద్యం చేయించుకోమన్నారు. అనిల్ కుమార్ సార్ ఎవరికీ నేర్పించకూడదని ఎనిమిదేళ్ళు ఆంక్ష పెట్టారు. ఆయన పైకి అప్పీలు వేశాడు, అది ఇంకా నడుస్తోంది. పెదకాకాని డాబా మీద ఇప్పుడు ఎవరో ట్యూషన్లు చెబుతున్నారని విన్నాను.

తీర్పు కాగితం వచ్చిన రోజు నేను పొద్దున్నే లేవలేదు. ఎందుకు లేవాలో తెలియలేదు. ఎండ మంచం మీదికి వచ్చేదాకా పడుకునే ఉన్నాను. అమ్మ వచ్చి కాళ్ళ దగ్గర నిలబడింది.

"ఏం రాశారు దాంట్లో?"

చదివి వినిపించాను. అర్థమయ్యేట్టు మళ్ళీ చెప్పాను.

"అయితే ఏడాదిన్నర పరుగెత్తొద్దన్నారా?"

"పోటీల్లో పరుగెత్తొద్దన్నారు."

"కాలవ కట్ట మీద?"

"దాని గురించి ఏమీ రాయలేదు."

అమ్మ నా మీద దుప్పటి లాగి మడత పెట్టడం మొదలుపెట్టింది.

"మరింకా పడుకున్నావేం?" అంది.